అమ్మ పట్టుకున్న రొట్టె

మా ఇంట్లో ఏది ఎప్పుడు జరిగిందో చెప్పమంటే అమ్మకి సంవత్సరాలు గుర్తుండవు, రొట్టెలు గుర్తుంటాయి. "మీ నాన్న వ్యాపార రొట్టె వదిలిన ఏడు", "నువ్వు సంతాన రొట్టె పట్టుకున్న ఏడు" అంటుంది. నెల్లూరు రొట్టెల పండుగకి ఒక్కసారైనా వెళ్లొచ్చినవాళ్లకి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది.

వెళ్లనివాళ్ల కోసం రెండు ముక్కలు. నెల్లూరు దర్గామిట్టలో బారా షహీద్ దర్గా ఉంది. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు. పన్నెండు మంది వీరుల సమాధులు, పక్కనే స్వర్ణాల చెరువు. ఏటా మొహర్రం నెలలో అయిదు రోజులు పండుగ. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, అలాంటి కోరికే తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. దాన్ని పట్టుకోవడం అంటారు. తమది తీరాక మళ్లీ వచ్చి, తాము చేసి తెచ్చిన రొట్టెని ఇంకొకరికి ఇస్తారు. అది వదలడం. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. తమాషా ఏంటంటే మొహర్రం నెలలో మా ఇళ్లల్లో పెళ్లిళ్లు పెట్టుకోం. పెళ్లి రొట్టె పట్టుకోవాలంటే మాత్రం ఆ నెల రావాల్సిందే.

2025 జూలైలో మేం వెళ్లింది ఇంటి రొట్టె వదలడానికి. 2017లో పట్టుకున్నాం, ఎనిమిదేళ్లు పట్టింది. "రొట్టెతో రాలేదు ఇల్లు, చీటీ పాటతో, బ్యాంకు లోనుతో వచ్చింది" అంటారు మా ఆయన. నిజమే. కానీ చీటీ పాడి ఆ డబ్బు ఇంకో అవసరానికి వాడేయబోయిన ప్రతిసారీ "నెల్లూరులో బాకీ ఉంది" అని అడ్డం పడింది నేను. రంజాన్‌కి ముందే చేరాలని ఫిబ్రవరిలో పాలు పొంగించి, ఫాతెహా ప్రార్థన చదివించి, గోడలకి రెండో కోటింగ్ పడకుండానే చేరిపోయాం. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో ఉర్దూ లేదు. నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో, తిట్లతో సహా. గుమ్మానికి కట్టిన మామిడాకుల సంగతి మా మసీదు గురువు హజ్రత్ అడగలేదు, మేం చెప్పలేదు. ఆ రంజాన్‌లోనే మా పాప ఖురాన్ చదవడం పూర్తి చేసింది. మెడలో పూలదండ వేసి వీధంతా బూందీ పంచాం. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయసులో అక్షరాభ్యాసంలా బిస్మిల్లా చేయించిన రోజు, నాలుక మీద తేనె రాస్తే హజ్రత్ వేలు కొరికిన పిల్ల అది. పదకొండేళ్లు వచ్చేశాయి.

ఆదివారం రాత్రి అమ్మ వచ్చి రొట్టెలు తనే చేసింది. గోధుమపిండిలో బెల్లం నీళ్లు, నెయ్యి పోసి గట్టిగా కలిపి, ఆరినా విరగకుండా కాస్త మందంగా ఒత్తింది. పట్టుకోవడానికి తన లిస్టులో ఒక్కటే, మోకాళ్లకి ఆరోగ్య రొట్టె. పాప చదువు రొట్టె కావాలంది. మా ఆయన ఏమీ వద్దన్నారు, కానీ నాతో పాటు నీళ్లలో నిలబడతానన్నారు.

మా తమ్ముడు రాడు. వాడు మతబోధ జరిగే జమాత్‌కి వెళ్తాడు. అడిగేది అల్లాని అడగాలి, సమాధుల దగ్గర కాదు అంటాడు. మొదట్లో అమ్మతో పెద్ద గొడవలే అయ్యాయి. "నేనూ అల్లానే అడుగుతున్నానురా, వాళ్ల వాకిట్లో నిలబడి అడుగుతున్నా" అని అమ్మ. ఇద్దరూ అలిసిపోయాక ఒక ఒప్పందం కుదిరింది. వాడు మాట్లాడడు, అమ్మ పిలవదు. సోమవారం తెల్లవారుజామున ఆటో తెచ్చి, సంచులు మోసి, పినాకిని రైల్లో సీట్ల కింద సర్ది దిగింది మాత్రం వాడే. కిటికీ దగ్గర నిలబడి "అక్కా, మెట్ల మీద పాచి ఉంటుంది, అమ్మని పట్టుకో" అన్నాడు. వాడి పెళ్లై మూడేళ్లయింది. మరదలు నెలకోసారి గుంటూరులో డాక్టర్ దగ్గరికి వెళ్లొస్తుంది. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం.

కావలి దాటాక పాపకి అమ్మ కథ మొదలుపెట్టింది. నాకు మా అమ్మమ్మ చెప్పిందే. కొడవలూరు దగ్గర గండవరంలో యుద్ధం జరిగింది. 1751లో అంటారు. ఆ పన్నెండు మంది తలలు అక్కడే తెగిపడ్డాయి. మొండేలతోనే గుర్రాలు నెల్లూరు చెరువు గట్టుకొచ్చి ఆగాయి.

"తలలు లేకుండా దారెలా తెలిసింది అమ్మమ్మా?"

"దారి తెలియాల్సింది గుర్రానికి కదే."

తర్వాత చెరువులో బట్టలు ఉతుక్కునే ఆలుమగలు ఒక రాత్రి అక్కడే నిద్రపోయారట. ఆవిడ కలలో షహీదులు కనిపించి, ఆర్కాటు నవాబు భార్యకి జబ్బుగా ఉంది, మా సమాధుల దగ్గర మట్టి తీసి నుదుట రాస్తే తగ్గుతుంది అన్నారట. రాశారు, తగ్గింది. నవాబు దంపతులు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, చెరువు దగ్గర తెచ్చుకున్న రొట్టెలు పంచుకున్నారట. ఈ కథలో నాకు నచ్చేది నవాబు కాదు. కల ఆయనకి రాలేదు, బట్టలు ఉతికే ఆవిడకి వచ్చింది.

పెన్నా బ్రిడ్జి మీదకి రాగానే బోగీ అంతా లేచి సంచులు దించడం మొదలు. ఆ హడావుడి మాత్రం నా చిన్నప్పటి నుంచీ మారలేదు. మారేది కాలం. మా ముస్లిం నెలలు చంద్రుడి లెక్క కదా, పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. నేను మొదటిసారి వెళ్లింది 1998లో, మే నెల. గట్టు మీద ఇసుక కాళ్లు కాల్చేది, నీళ్లలో దిగితే చాలు అనిపించేది. ఆ ఏడు నాన్న వ్యాపార రొట్టె పట్టుకున్నాడు. అప్పటిదాకా దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి పరుపులు కుట్టేవాడు. మూడేళ్లకి చీరాలలో చిన్న గది అద్దెకి తీసుకుని పరుపుల కొట్టు పెట్టాడు. వదిలేటప్పుడు ఒకటి కాదు, ఇరవై రొట్టెలు తీసుకెళ్లాడు. అంత అవసరం లేదయ్యా అంటే వినలేదు.

నేను సంతాన రొట్టె పట్టుకున్నది 2012 నవంబరులో. నీళ్లు చల్లగా ఉన్నాయి, ముసురు. నాకు రొట్టె ఇచ్చినావిడ నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చంకలో ఏడాది పిల్లాడు. ఊరు బిట్రగుంట అని చెప్పింది. పేరు అడగలేదు. రొట్టె నా కొంగులో పెట్టి, పిల్లాణ్ణి ఒక్క నిమిషం నా చేతికిచ్చి తడి చీర పిండుకుంది. వాడు నా ముక్కుపుడక పట్టుకు లాగాడు. 2014లో ఏడు నెలల పాపని ఎత్తుకుని రొట్టె వదలడానికి వెళ్లినప్పుడు, నాకు తెలియకుండానే నేనూ అదే పని చేశాను. కొంగు సర్దుకోవాలని సాకు చెప్పి, పాపని ఆ ఎదుటావిడ చేతుల్లో పెట్టాను.

2020లో కరోనా వల్ల జనాన్ని రానివ్వలేదు. ఆ రోజు అమ్మ ఇంట్లో రొట్టె చేసి, పెరట్లో బకెట్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు చూసి చూడనట్టు వెళ్లిపోయాడు.

ఇక మేం వెళ్లిన సోమవారం రాత్రి గంధం. కోటమిట్ట నుంచి పన్నెండు బిందెల్లో ఊరేగింపుగా తెస్తారు. దర్గాకి చేరేసరికి తెల్లవారుజాము కావొస్తుంది. షెడ్డులో దుప్పటి పరుచుకుని పడుకున్నాం గానీ నిద్రెక్కడిది? మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, పక్కన ఎవరో పులిహోర పొట్లాలు విప్పుతున్న వాసన, సాంబ్రాణి పొగ. గంధం పంచేటప్పుడు తోపులాట. మా ఆయన, నమ్మకం లేదనే మనిషి, ఎలా దూరారో ఏమో, రెండు వేళ్లకి గంధం అంటించుకొచ్చి ముందు అమ్మ మెడకి, తర్వాత పాపకి రాశారు. నా దాకా వచ్చేసరికి వేళ్లు ఆరిపోయాయి.

తెల్లారాక చెరువు దగ్గర సంతలా ఉంది. "ఉద్యోగ రొట్టె, ఉద్యోగ రొట్టె" అని కుర్రాళ్లు అరుస్తున్నారు. నిజానికి ఎక్కువ గిరాకీ దానికే. వదిలేవాళ్లు తక్కువ, పట్టుకునేవాళ్లు ఎక్కువ. వీసా రొట్టె ఇచ్చే ఒకాయన చుట్టూ పదిమంది మూగారు. గట్టు మీద రొట్టెలు అమ్మేవాళ్లు కూడా ఉంటారు. ఇంట్లో చేసుకోలేక అక్కడ కొనుక్కుని వదిలేవాళ్లని నేను తప్పుపట్టను గానీ, అమ్మ మాత్రం వాళ్ల వైపు అదోలా చూస్తుంది.

మేం మోకాలి లోతు దిగి తలల మీద కొంగు, చేతిరుమాలు కప్పుకుని "సొంతింటి రొట్టె" అని రెండుసార్లు అన్నామో లేదో ఒక జంట వచ్చింది. ఆయన ఆటో తోలతాడట. అద్దె ఇల్లు మారడం ఇది ఏడోసారట. "ఎన్నాళ్లకి తీరిందన్నా?" అని మా ఆయన్ని అడిగాడు. ఎనిమిదేళ్లు అంటే భయపడతాడని నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ మనిషి తలూపి, "పర్లేదు, పిల్ల పెళ్లికి అందుతుంది" అన్నాడు. దర్గా వైపు తిరిగి రొట్టె అందుకుని, తుంచి భార్యకి పెట్టి తను తిన్నాడు. చీటీ మొత్తం చేతికొచ్చిన రోజు కూడా మా ఆయన మొహం అలా చూడలేదు.

పాప చదువు రొట్టె వేరే కథ. ముందు దొరికిన అబ్బాయి డిగ్రీ పాసయ్యాడు, కాకపోతే సప్లిమెంటరీలో. పాప నా చెవిలో "ఫస్ట్ క్లాస్ వాళ్లది ఉందేమో చూడమ్మా" అంది. ఆ అబ్బాయికి వినిపించింది. "నాలుగుసార్లు తప్పి పాసయ్యాను చెల్లెమ్మా, నా రొట్టె గట్టిది" అన్నాడు. పాప సిగ్గుపడి పట్టుకుంది.

అప్పుడు చూస్తే అమ్మ లేదు.

టెన్షన్ పడి గట్టు పొడవునా వెతికాం. తమ్ముడి మాటే చెవిలో మోగుతోంది, పాచి, మెట్లు. చివరికి ఆరోగ్య రొట్టె కోసం గుమిగూడిన చోట కాదు, ఇంకా అవతల కనిపించింది. అరవై రెండేళ్ల మనిషి, మోకాళ్లు నొప్పులని నమాజు కూడా కుర్చీలో చదివే మనిషి, నడుము లోతు నీళ్లలో నిలబడి "సంతాన రొట్టె, అమ్మా, సంతాన రొట్టె" అని అడుగుతోంది. చుట్టూ ఉన్న ఆడపిల్లలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"నాకు కాదే, నా కోడలికి" అంటోంది అమ్మ, తనూ నవ్వుతూ.

పక్కన నిలబడ్డ ఒకమ్మాయి కవల పిల్లల తల్లి. రెండు రొట్టెలు తెచ్చిందట, ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని తినలేదు. తడవకుండా తల మీద పెట్టుకుని గట్టెక్కి, గుడ్డలో చుట్టి సంచి అడుగున దాచింది. మరి ఆరోగ్య రొట్టె అని నేనంటే, "మోకాళ్లకేముందే, వచ్చే ఏడు చూద్దాం" అంది.

తిరుగు రైల్లో చెప్పుకోడానికేం లేదు. మలై కాజా డబ్బా చీరాల చేరేసరికి సగమైంది. పాప నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది, పాదాలు తండ్రి ఒళ్లో.

అమ్మని దించడానికి వాళ్లింటికి వెళ్లేసరికి తమ్ముడు ఇషా నమాజు చదివి వచ్చాడు. అన్నం పెట్టబోతున్న మరదల్ని అమ్మ ఆపి, సంచిలోంచి గుడ్డ మూట తీసి, రొట్టె పళ్లెంలో వేసి వాడి ముందు పెట్టింది. పాప ఏదో చెప్పబోతే తొడ మీద గిల్లాను.

"ఏం రొట్టె ఇది?" అన్నాడు.

"బెల్లం రొట్టె. తిను."

వాడు అమ్మ వైపు చూశాడు. ఆరని చీర అంచు చూశాడు. నడుము దాకా తడి చారలు కట్టి ఉంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బిస్మిల్లా అని రొట్టెని సరిగ్గా మధ్యకి విరిచి, ఒక సగం పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లాడు.