కుండీ మార్చకుండా మట్టి మార్చడం: మందారం, మల్లె, కాగితం పూల సంగతులు

మందారానికి మూడో ఏడు వచ్చింది. నీళ్లు పోస్తే అంచు వెంట జారి కింది రంధ్రంలోంచి వెంటనే వచ్చేస్తున్నాయి, మధ్యలో మట్టి పొడిగానే ఉంటోంది, పొద్దున తడిపినా మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతున్నాయి, మొగ్గలేమో విచ్చుకోకముందే పసుపెక్కి రాలుతున్నాయి. చూడగానే ఎరువు తక్కువైందేమో అనిపిస్తుంది గానీ, కుండీలో మట్టి కంటే వేర్లే ఎక్కువైతే ఇలాగే ఉంటుంది. పెద్ద కుండీలోకి మార్చొచ్చు, రెండంగుళాలు పెద్దదైతే చాలు. కానీ ఎన్నిసార్లని మారుస్తాం? తడిసిన పెద్ద కుండీని కదపాలంటే నడుము ఒప్పుకోవాలి కదా. అందుకే 12 అంగుళాల పాత కుండీనే ఉంచి వేర్లు కత్తిరించాను.

ముందురోజు సాయంత్రం బాగా నీళ్లు పెట్టాను. కుండీని పక్కకి పడుకోబెట్టి, అంచు వెంట పాత కత్తి తిప్పి, మొదలు పట్టుకుని లాగితే మట్టీ వేర్లూ కలిసి ఒక్క ముద్దగా వచ్చేసింది. చుట్టూ సన్న వేర్లు చాపలా అల్లుకున్నాయి, అడుగున లావు వేరొకటి గుండ్రంగా చుట్టేసుకుని ఉంది. పక్కల అంగుళం మందం, అడుగున రెండంగుళాలు రంపంతో కోసేశాను. ఆ లావు వేరును చుట్టు తిరగడం మొదలైన చోటికే తెగ్గొట్టాను, వదిలేస్తే అది లావెక్కుతూ మిగతా వేర్లను నొక్కేస్తుంది. వేర్లు తగ్గాక అన్ని ఆకులకీ నీళ్లందించడం మొక్క వల్ల కాదు కాబట్టి కొమ్మలు కూడా మూడోవంతు తీసేయాలి. మొగ్గలున్న కొమ్మని కోయడానికి చెయ్యి రాదు, అయినా కోయాలి.

కొత్త మిశ్రమంలో రెండు పాళ్లు తోట మట్టి, ఒక్కో పాలు కంపోస్టు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ముతక ఇసుక కలిపాను. అడుగున గులకరాళ్లు వేయలేదు. రాళ్లు వేస్తే నీళ్లు త్వరగా దిగిపోతాయని అందరూ అంటారు గానీ, పైన మట్టి పూర్తిగా నానేదాకా నీళ్లు రాళ్లలోకి దిగవు, మామూలుగా కుండీ అడుగున నిలిచే చిత్తడి పొర కాస్తా రాళ్ల ఎత్తు మేర పైకి జరిగి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద జాలీ ముక్క ఒకటి వేస్తే సరిపోతుంది.

తర్వాత నీడలో పెట్టి, కొత్త చిగుళ్లు కనబడేదాకా ఎరువు ముట్టుకోలేదు. ఇప్పుడు కోసిన ప్రతి కొమ్మ చివరా రెండు మూడు చిగుళ్లు వచ్చాయి, ఆకులు చిన్నవే గానీ రంగు బాగుంది, మధ్యాహ్నం వాలిపోవడం ఆగింది.

మల్లెకి ఇంత హడావిడి లేదు. పూత అయిపోయాక కొమ్మలు సగానికి కత్తిరించి, పైన రెండంగుళాల మట్టి తీసి కంపోస్టు వేశాను. మల్లె కొత్త చిగురు మీదే పూస్తుంది, కత్తిరించకపోతే తీగ సాగుతుంది గానీ పూలు తగ్గిపోతాయి. దీని కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంది, నీళ్లలోని, ఎరువుల్లోని లవణాలు అవి. అప్పుడప్పుడూ కింది నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోస్తే చాలావరకు కడుక్కుపోతాయి.

కాగితం పూల మొక్క వేర్ల జోలికి మాత్రం పోలేదు. అవి పెళుసుగా ఉంటాయి, కదిలిస్తే మొక్క బెంగపెట్టుకుంటుంది. పైగా కుండీ ఇరుకైతేనే అది బాగా పూస్తుంది. నత్రజని ఎక్కువేస్తే ఆకులే ఆకులు, కాబట్టి ఎరువు తగ్గించి, పై మట్టి బాగా ఆరాకే నీళ్లు పోస్తున్నాను. కుండీ కాస్త ఎత్తి చూస్తే బరువును బట్టి తెలిసిపోతుంది.

ఇప్పుడు టెన్షనల్లా మందారం చిగుళ్ల మీద పిండినల్లి పురుగు గురించే. లేత కొమ్మలంటే దానికి ప్రాణం. ఆకుల అడుగున, కణుపుల దగ్గర రోజూ చూస్తున్నాను, తెల్లటి దూది చుక్క కనబడితే తడిగుడ్డతో తుడిచేస్తున్నాను, ఎక్కువైతే సబ్బునీళ్లలో వేపనూనె కలిపి సాయంత్రం పూట కొట్టాలి.