మూడు కాళ్ల బిస్కట్‌కి తెలుగు చదివి వినిపించాడు

మావాడికి ఎనిమిదేళ్లు, పుట్టింది న్యూజెర్సీలోనే. తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ రెండేళ్లుగా నోరు తెరవడం మానేశాడు, ఎందుకంటే వీడియో కాల్‌లో 'నీళ్లు'ని 'నీల్లు' అన్నప్పుడల్లా అక్కడ మావాళ్లూ ఇక్కడ మేమూ నవ్వేసి, 'ఏదీ, మళ్లీ అను నాన్నా' అనేవాళ్లం. ముద్దొచ్చి నవ్వాం. ఆ నవ్వు వాడికి గుచ్చుకుంటోందని మాకు తట్టలేదు.

స్కూల్లో ఇంగ్లీషు కూడా పైకి చదవడం లేదని టీచర్ చెప్పాక టెన్షన్ పట్టుకుంది. మా ఊరి లైబ్రరీలో శనివారాలు పిల్లలు కుక్కకి కథలు చదివి వినిపిస్తారని తెలిసి తీసుకెళ్లాను. 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా ఊళ్లలో ఉంది. పిల్లలు చదువుతారు, కుక్క వింటుంది, మధ్యలో తప్పులు దిద్దేవాళ్లు ఎవరూ ఉండరు.

మావాడికి దొరికింది బిస్కట్. కారు గుద్దితే ముందు ఎడమకాలు భుజం దాకా తీసేశారట. అడుగు వేసినప్పుడల్లా తల ఒక్కసారి కిందికి వంగి లేస్తుంది. పడుకోవాలంటే ముందు ఎవరికో ఒకరికి ఆనుకుని, మెల్లగా జారుతుంది. ఆ రోజు మావాడి తొడకి ఆనుకుని జారింది, కాలు తిమ్మిరెక్కినా వాడు అరగంట కదల్లేదు.

జాలిపడి ఇచ్చిన పని కాదిది. పెద్ద చప్పుడైనా బెదరకూడదు, పిల్లలు మొరటుగా నిమిరినా ఓర్చుకోవాలి, అవన్నీ పరీక్షించాకే తీసుకుంటారు. కెనడాలోని ఒంటారియోలో స్మైలీ అని, పుట్టుకతోనే కళ్లు లేని గోల్డెన్ రిట్రీవర్ కుక్క కూడా ఏళ్ల తరబడి ఇలాంటి పనే చేసింది.

ఇంటికొస్తుంటే కార్లో వెనక సీట్లోంచి అడిగాడు, "బిస్కట్ కుంటుతుంటే ఎవరూ నవ్వరేం అమ్మా?" ఇంగ్లీషులోనే అడిగాడు. నాకు వెంటనే మాట రాలేదు. ఆ రాత్రి మా ఆయనా నేనూ అనుకున్నాం, ఇక వాడి తెలుగుకి నవ్వేది లేదు, దిద్దేది లేదు అని.

మూడో వారం వాడంతట వాడే తెలుగు వాచకం బ్యాగులో పెట్టుకున్నాడు. కూడబలుక్కుంటూ, వేలితో ఒత్తుల కింద గీస్తూ ఒక పేజీ మొత్తం చదివాడు. బిస్కట్‌ని తెచ్చే ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పుస్తకం వైపే చూస్తూ కూర్చుంది. నేను అల్మారా వెనక నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

మా అత్తగారు కుక్కని గడప తొక్కనివ్వరు. మొన్న ఫోన్లో ఆవిడే అడిగారు, "ఆ కుక్క మెట్లెలా ఎక్కుతుందిరా?" వాడు నేలమీద మూడు చేతివేళ్లు ఆనించి గెంతి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాడు, "దానికి మూడే కాల్లు కదా నానమ్మా, అందుకని..."

"ఊఁ, అందుకని?" అన్నారావిడ.