శుక్రవారం పట్టిక: నా అనుభవం

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి, విజయనగరంలోని మా ఇంటికి వచ్చేశాను. మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిది మంది ఇంజినీర్ల బృందం నా చేతికి వచ్చి అప్పటికి రెండు నెలలే అయింది. కళ్లెదుట ఒక్కరూ లేకపోవడంతో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో తెలియక, వారంలో ఎవరెన్ని టికెట్లు (సిస్టమ్‌లో విడివిడిగా నమోదయ్యే చిన్న పనులు) ముగించారో లెక్కకట్టి, ఆ పట్టికను ప్రతి శుక్రవారం సాయంత్రం అందరికీ పంపడం మొదలుపెట్టాను.

మూడు వారాల్లోనే అంకెలు పెరిగాయి; నేను మురిసిపోయాను కూడా. తీరా ఒకరోజు ఆ టికెట్లు విప్పి చూస్తే, బటన్ పేరు మార్చడం ఒకటి, దాని రంగు మార్చడం ఇంకొకటి, ఆ రెండూ సరిగా వచ్చాయో లేదో చూడడం మూడోది. వారి తప్పేమీ లేదు, నేను అడిగిందే ఇచ్చారు.

అసలు నష్టం వేరేచోట జరిగింది. శ్రీకాకుళం నుంచి పనిచేసే సీనియర్ ఇంజినీరు ఒకరు పట్టికలో ఎప్పుడూ అట్టడుగునే ఉండేవారు. కారణం అడిగితే, "మన టీమ్‌లో చిన్న పిల్లలు, ఆ జూనియర్లు, పనిలో ఎక్కడ ఆగిపోయినా నాకే ఫోన్ చేస్తారు సార్. వాళ్లతో కూర్చుంటే నా టికెట్ మిగిలిపోతోంది. ఇకమీదట కూర్చోనులెండి" అన్నారామె. ఆ చివరి మాటకు ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

ఖద్దరుకు పేరుపడ్డ పొందూరులో వడికే నూలుకైతే చిలపల (నూలు చుట్టల) లెక్క ఉంది, సన్నదనానికి కౌంటు ఉంది. వలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే పని కూడా కంటికి కనిపిస్తుంది. మా పనిలో సగం తలలోనే జరుగుతుంది. 'నాలెడ్జ్ వర్కర్' (చేతులతో కాక తెలివితో పనిచేసేవారు) అనే మాటను 1959లోనే వాడిన మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్, ఇలాంటివారి ఉత్పాదకత గురించి 1999లో రాస్తూ, మొదట అడగవలసిన ప్రశ్న 'పని ఏమిటి?' అన్నారు. నేను ఆ ప్రశ్న దాటేసి నేరుగా 'ఎంత?' దగ్గరికి వెళ్లాను.

ఆగస్టులో పట్టిక ఆపేసి, ఒక్కొక్కరితో వారానికి అరగంట విడిగా మాట్లాడుతూ, పనికి ఏది అడ్డు వస్తోందని అడగసాగాను. మొదటి రెండు వారాలు అందరిదీ "ఏం లేదు సార్" అన్న ఒకే జవాబు. మొహమాటం తీరాక తెలిసింది, ఉదయం గంటకొకటి చొప్పున నేను పెట్టే మీటింగులే ఆ అడ్డు అని. వాటన్నిటినీ మధ్యాహ్నం మూడు తర్వాతికి జరిపాను. సీనియర్ గారు పిల్లలతో కూర్చునే సమయాన్ని రోజుకు గంటన్నర చొప్పున ఆమె ప్లాన్‌లోనే రాశాను.

పైవారికి మాత్రం ఏదో ఒక అంకె కావాలి. విడుదల తర్వాత కస్టమర్లు చెప్పిన లోపాల సంఖ్య ఇస్తానని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది (దాన్నీ తక్కువ చేసి చూపే దారులు లేకపోలేదు).

పట్టికలో ఎప్పుడూ మొదటి వరుసలో ఉండే కుర్రవాడికి ఈ మార్పు నచ్చలేదు. తన అంకె నలుగురికీ కనిపించాలని ఉందని సూటిగానే చెప్పి, సంక్రాంతి వెళ్లాక వేరే కంపెనీకి మారిపోయాడు.