ఎక్స్ అంటే ఎన్ని చింతపిక్కలు?

మాది కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లె. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పోయిన వానాకాలం ట్యూషన్‌కి వెళ్లే దారంతా బురదైపోయింది. సాయంత్రం పూట పిల్లని ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక, హోంవర్క్ దగ్గర నేనే కూర్చోవడం మొదలుపెట్టాను. పదో తరగతితో ఆపేసిన దాన్ని. లెక్కల పుస్తకం ముట్టుకుని ఇరవై ఏళ్లయింది.

మొదటి వారం మాటల దగ్గరే సరిపోయింది. తను వేరియబుల్ అంటే నాకు అర్థం కాదు, నేను చరరాశి అంటే తనకి తెలీదు. నా కర్ణం తన హైపోటెన్యూస్ అని తెలియడానికి బొమ్మ గీసుకోవాల్సి వచ్చింది. సర్కారు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండబట్టి బతికిపోయాం. చెరో పేజీ చదువుకుని, లెక్కలో ఏమిచ్చాడు, ఏమడిగాడు అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. సగం టెన్షన్ అక్కడే తగ్గేది.

తర్వాత సమీకరణాలు. 3ఎక్స్ + 5 = 26 అని ఇస్తే, తను 3ఎక్స్ = 26 + 5 అని రాసేసింది. 31ని మూడుతో భాగిస్తే శేషం మిగిలి, ఏడుపు మొహం పెట్టింది. "అటుది ఇటొస్తే గుర్తు మారుతుంది" అని తనకి కంఠతా వచ్చు. మా రోజుల్లో దాన్నే పక్షాంతరం అనేవాళ్లు. ఎందుకు మారుతుందో నాకూ ఎవరూ చెప్పలేదు. కారణం చెప్పకుండా ముందే ఆ సూత్రం చేతిలో పెట్టడం పిల్లలకి అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అష్టాచెమ్మా కోసం దాచిన చింతపిక్కల డబ్బా తెచ్చాను. మూడు చిన్న గిన్నెల్లో తనకి కనపడకుండా సమానంగా పిక్కలు పోసి మూతలు పెట్టాను. పక్కన ఐదు విడిగా పెట్టాను. చాపకి అవతల వైపు 26 పిక్కలు పోసి, "రెండు వైపులా లెక్క ఒకటే. మూత తియ్యకుండా ఒక్కో గిన్నెలో ఎన్నున్నాయో చెప్పు తల్లీ" అన్నాను. కాసేపు చూసి, ఇటు విడిగా ఉన్న ఐదూ తీసేసింది. అటు నుంచి కూడా ఐదు లెక్కపెట్టి తీసింది. మిగిలిన 21 పిక్కల్ని మూడు కుప్పలు చేసి, "ఏడమ్మా!" అని మూత తీసింది. ఐదు ఎక్కడికీ ఎగిరి వెళ్లలేదు, రెండు వైపులా తీసేశాం, అంతే. ఆ రోజు నుంచి గుర్తు మార్చేటప్పుడు పెద్దగా తప్పు పోలేదు.

కథలాంటి లెక్కలు వేరే బాధ. తోట పొడవు వెడల్పుకి రెట్టింపు కంటే 3 మీటర్లు ఎక్కువ, చుట్టూ కంచె 66 మీటర్లు, పొడవు వెడల్పులెంత? తనకి వెడల్పు 21, పొడవు 45 వచ్చాయి. అంకెలు చక్కగా తెగాయి కాబట్టి నేనూ టిక్కు పెట్టేసేదాన్నే. ఎందుకో బొమ్మ గీయించి, కంచె వెంబడి వేలితో నడవమన్నాను. 45, 21, మళ్లీ 45, మళ్లీ 21. మొత్తం 132! సరిగ్గా రెట్టింపు. నాలుగు వైపులా కట్టాల్సిన కంచె రెండు వైపులే కట్టింది. వెడల్పుని ఎక్స్ అనుకుని, నాలుగు వైపులూ కలిపి 6ఎక్స్ + 6 = 66 అని మళ్లీ రాస్తే వెడల్పు 10, పొడవు 23 వచ్చాయి.

నిచ్చెన లెక్కలోనూ అంతే. 13 అడుగుల నిచ్చెన, మొదలు గోడకి 5 అడుగుల దూరంలో ఉంది, ఎంత ఎత్తులో గోడని తాకుతుంది? రెండు వర్గాలూ కూడేసి, వర్గమూలం కట్టి, దగ్గర దగ్గర 13.9 అంది. "వాలుగా వేసిన నిచ్చెన దాని పొడుగు కంటే పైకి ఎలా అందుతుందే?" అన్నాను. నోటుబుక్కు వైపు, గోడ వైపు చూసి తనే కొట్టేసింది. 13 వర్గం 169లోంచి 5 వర్గం 25 తీస్తే 144, దాని వర్గమూలం 12. పన్నెండు అడుగులు.

అప్పుడే మా ఇంటి పునాదికి ముగ్గు పోసిన తాపీమేస్త్రి గుర్తొచ్చాడు. మూల దగ్గర ఇటు మూడడుగులు, అటు నాలుగడుగులు గుర్తు పెట్టి, టేపు ఐమూలగా లాగి, "ఐదు రావాలండమ్మగారూ, అప్పుడే మూల మట్టానికొచ్చినట్టు, ఆయ్" అన్నాడు. మూల మట్టంగా ఉంటే రెండు పక్కల వర్గాలు కూడితే ఐమూల వర్గం వస్తుందనే పైథాగరస్ సిద్ధాంతం అదేనని ఆ రోజు నాకు తట్టలేదు. మన ప్రాచీన గణితజ్ఞుడు బౌధాయనుడి శుల్బ సూత్రాల్లోనూ ఇదే సంగతి ఉంది. శుల్బం అంటే తాడే.

ఇది చెప్పానో లేదో, మా అమ్మాయి టేపు తీసుకుని పశువుల పాకలోకి పరుగెత్తింది. ఇటు ఆరు, అటు ఎనిమిది అడుగుల దగ్గర సుద్దముక్కతో గీతలు పెట్టి, ఒక కొస నన్ను పట్టుకోమంది. పది రావాలి. పది అడుగుల మూడంగుళాలు వచ్చింది.

"అమ్మా, ఈ మూల 90 దాటిపోయింది. నాన్నకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"