సగం కోసిన స్తంభం

జోర్డాన్‌లో మాకు సెలవంటే శుక్రవారమే. మిగతా ఆరు రోజులూ ఇర్బిద్ దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చొక్కాలకు భుజాలు కుడతాను. పోయిన చలికాలం ఒక శుక్రవారం, నా పక్క మిషను మీద పనిచేసే శ్రీకాకుళం అక్కతో కలిసి మినీ బస్సెక్కి జెరాష్ చూడటానికి వెళ్లాను. సుమారు 40 కిలోమీటర్ల దారి.

జెరాష్ పాత పేరు గెరాసా. గ్రీకు రాజుల కాలంలో ఎదిగి, రోమన్ల ఏలుబడిలో వెలిగిన నగరం. 749లో వచ్చిన భూకంపానికి చాలావరకు కూలిపోయింది. హేడ్రియన్ చక్రవర్తి రాక కోసం కట్టిన తోరణం, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న మైదానం, దాని చుట్టూ స్తంభాల వరుస. అక్క అన్నిచోట్లా ఫొటోలు దిగింది. వీధి బండల మీద బండి చక్రాలు ఒరిసిన చాళ్లు ఇంకా ఉన్నాయి.

నా కాళ్లు మాత్రం ఆర్టెమిస్ దేవత గుడి ఆవరణకు దిగువన, ఒక గది దగ్గర ఆగిపోయాయి. అక్కడ దొరికినవి రెండు స్తంభాల ముక్కలు. వాటి మీద పక్కపక్కనే నాలుగేసి గాట్లు, సూటిగా కిందికి దిగి సగంలో ఆగిపోయాయి. చూడగానే అర్థమైంది: పలకలు కోస్తున్నారు! మాది బేతంచెర్ల. మా నాన్న పాతికేళ్లు బండల ఫ్యాక్టరీలో కోత మిషను నడిపారు. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా తెల్లటి రాతి పిండి వదిలేది కాదు.

ఇక్కడ ఆరో శతాబ్దంలో ఆ పని నీళ్లు చేశాయి. కాలువ నీటికి చక్రం తిరిగేది. దాని ఇరుసుకు రెండు కొసలా క్రాంకు, అంటే వంపు పిడి. చక్రం గుండ్రంగా తిరిగే తిరుగుడును అది రంపం ముందుకూ వెనక్కూ ఆడే కదలికగా మార్చేది. రంపానికి పళ్లు లేవు. ఇసుకా నీళ్లూ పోస్తూ ఉంటే ఆ ఇసుకే రాయిని అరగదీసేది. నా కుట్టు మిషనులోనూ ఇదే కిటుకు: మోటారు తిరుగుతుంది, సూది పైకీ కిందికీ ఆడుతుంది. రోజూ పది గంటలు నా కళ్ల ముందు జరిగేదాన్ని దాదాపు 1,500 ఏళ్ల కిందటి రాయి మీద గుర్తుపట్టినప్పుడు ఒళ్లు జలదరించింది. జెరాష్‌లో అన్నిటికన్నా గొప్పది నాకు ఈ గదే.

నాన్నకు వీడియో కాల్ చేసి గాట్లు దగ్గరగా చూపించాను. కళ్లజోడు తెచ్చుకున్నారు.

"నాలుగు బ్లేడ్లు ఒకేసారి దించారా తల్లీ? ఇసుక ఎవరో పక్కన నిలబడి పోస్తూ ఉండాలి. ఒక్క క్షణం కూడా కదలడానికి ఉండదు."

"అవును నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడిన రోజు కూడా మిషను కింద ఒక బండ సగం కోతలో ఉండిపోయింది. నాలుగు నెలల జీతం రాలేదు. నేను పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకున్నది ఆ తర్వాతే.

"ఇంకోసారి చూపించమ్మా," అన్నారు. చూపించాను.

"వీళ్లకు కూలి ముట్టిందంటావా?"