మా పికప్‌కి రెండో ట్యాంకు

కాశీపూర్ ఘాటీ (కొండదారి) పైన సైటులో మా తమ్ముడు గుక్కెడు డీజిల్ మింగేసిన రోజునే అనుకున్నాను, ఇంక డ్రమ్ములూ గొట్టాలూ వద్దని.

మాది ఒడిశాలో రాయగడ. ఒక జేసీబీ, ఒక డీజిల్ పికప్ ఉన్నాయి. పనులన్నీ కొండల మీదే. జేసీబీ గంటకు ఐదారు లీటర్లు తాగుతుంది. దాన్ని కొండ దింపి బంకు దాకా తోలుకెళ్తే సగం పూట పోతుంది. అందుకని పికప్‌లో డ్రమ్ము వేసుకెళ్ళి, గొట్టం పెట్టి, నోటితో పీల్చి దించేవాళ్ళం. అక్కడ అందరూ చేసేది అదే. ఆ రోజు వాడు మింగగానే భయపడి ఉప్పునీళ్ళు తాగించి కక్కించాం. ఆసుపత్రిలో డాక్టరుగారు మమ్మల్ని గట్టిగా కేకలేశారు. డీజిల్ కడుపులో ఉన్నదానికంటే, కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే ముప్పట. మింగినవాళ్ళని ఎప్పుడూ కక్కించకూడదట. రెండు రాత్రులు వాడి దగ్గు వింటూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను.

మొదట నా ఆలోచన వేరు. పికప్ బాడీలో పెద్ద ట్యాంకు పెట్టి, అక్కడినుంచి బండి అసలు ట్యాంకుకి ఒక లైను కలిపేస్తే బండికీ డీజిల్ దానంతటదే దిగుతుంది కదా అనుకున్నాను. మెకానిక్ ఒప్పుకోలేదు. "పైనున్న ట్యాంకు కిందిదానికి కలిపితే, వాల్వు కట్టడం ఒక్కసారి మరిచిపోయినా కింది ట్యాంకు నిండి మూతలోంచి రోడ్డు మీద పడతాది బాబూ. ఏటి చేస్తావప్పుడు?" అన్నాడు. రవాణా ఆఫీసులో అడిగితే ఇంకో సంగతి తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర పేచీ వస్తుందని ఏజెంటు కూడా చెప్పాడు.

అందుకని బండి డీజిల్ లైను జోలికి పోలేదు. ట్యాంకు సరుకులాగే ఉంటుంది, బోల్టులు విప్పితే దిగిపోతుంది. 12 వోల్టుల పంపు, పొడుగాటి హోసు, బంకులో ఉండేలాంటి నాజిల్ పెట్టుకున్నాం. జేసీబీకి కావాలంటే జేసీబీకి, పికప్‌కి కావాలంటే దాని మూత తీసి అందులోకి. డీజిల్ పెట్రోలియం చట్టంలో 'బి' తరగతి. 1934 నాటి ఆ చట్టం ప్రకారం ఒక చోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. మాది అందులో పదో వంతు కూడా లేదు. అయినా ట్యాంకు చేయించకముందే బంకు మేనేజరుని కలిసి, ఇలాంటిదాంట్లో పోస్తారా అని అడిగి వచ్చాను.

ట్యాంకు పొడవు 40 అంగుళాలు, వెడల్పు 20, ఎత్తు 18. లెక్కకి 236 లీటర్లు పడుతుంది, మేం 200 దాటి పోయం. ఎండకి డీజిల్ ఉబ్బుతుంది, దానికి చోటుండాలి. 200 లీటర్ల డీజిల్ 166 కిలోలు, ట్యాంకు 65 కిలోలు. అంటే ముగ్గురు మనుషుల బరువు ఎప్పుడూ బండి మీద ఉన్నట్టే. సరుకు ఎక్కించేటప్పుడు ఆ మేరకు తగ్గించుకోవాలి.

రేకు దగ్గర వెల్డింగు మేస్త్రీతో చిన్న వాదన అయింది. తుప్పు పట్టదు, జి.ఐ. షీటుతో చేసేద్దామన్నాడు. జి.ఐ. అంటే ఇనుము మీద జింకు పూత. డీజిల్‌లో ఉండే ఆమ్లాలు జింకుని కొద్దికొద్దిగా కరిగించి సబ్బులాంటి జిగురు తయారుచేస్తాయి. అది పోయి ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో కూర్చుంటుంది. వెంట్రుకంత రంధ్రాలవి. మెకానిక్ స్వయంగా వచ్చి నచ్చజెప్పాక మూడు ఎంఎం మామూలు ఇనప షీటుకి ఒప్పుకున్నాడు. లోపల రెండు అడ్డపలకలు పెట్టించాం, వాటికి అడుగునా పైనా రంధ్రాలు. ఇవి లేకపోతే మలుపులో 166 కిలోలు ఒక్కసారిగా ఒక పక్కకి దూకుతాయి. పంపు గొట్టం అడుగుకి అంగుళం పైన ఆగుతుంది, ఒక మూల అడుగున బిరడా ఉంటుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, అక్కడినుంచి తీసేయొచ్చు.

లీకు చూడడానికి మేస్త్రీ కంప్రెసరు గొట్టం తెచ్చాడు. అది వద్దని నేను సైకిల్ పంపు, చిన్న గేజి తెచ్చాను. రెండు పీఎస్ఐ అంటే ఏమీ కాదనిపిస్తుంది. కానీ పై పలక 800 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి రెండు పౌండ్ల లెక్కన 1,600 పౌండ్లు, అంటే ఏడొందల కిలోల పైన తోపు. గేజి రెండు దగ్గర నిలిపి అతుకులన్నిటికీ సర్ఫు నురగ రాశాం. వెనక మూలలో బుడగ ఒకటి ఆవగింజంత పుట్టి, పెరిగి, పగిలి, మళ్ళీ పుట్టింది. మా తమ్ముడే చూశాడు దాన్ని. అప్పటికింకా ట్యాంకులో చుక్క డీజిల్ పడలేదు కాబట్టి అక్కడికక్కడే మళ్ళీ అతికించాం. డీజిల్ పోసిన ట్యాంకుకి మాత్రం వెల్డింగు పెట్టనివ్వకండి. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి పేలుతుంది.

ఇంత జాగ్రత్తపడీ, ట్యాంకులోకి గాలి వచ్చిపోయే గొట్టం దగ్గర తప్పు చేశాను. ట్యాంకుని కుడి డాలా (పక్కపలక) వెంట బండి పొడవునా పెట్టించి, గాలి గొట్టం వెనక చివర బిగించాను. మొదటి ట్రిప్పులో ఘాటీ ఎక్కుతుంటే డీజిల్ అంతా వెనక్కి జారింది. గొట్టం నోరు మునిగి, ప్రతి కుదుపుకీ బుడుక్కు బుడుక్కుమని బయటికి కక్కింది. వెనక బైకు మీద వస్తున్నతను హారను కొట్టి చూపించాడు. తడిసిన రోడ్డు చూసి గుండె ఝల్లుమంది. మలుపులో బైకులు జారిపోవడానికి ఆ చుక్కలు చాలు. బండి పక్కకి తీసి మట్టి చల్లాం. తొందరలో గొట్టానికి గుడ్డ కుక్కి కట్టేశాను.

పైకెళ్ళి పంపు వేశాం. ముప్పై నలభై లీటర్లు దిగాక ధార సన్నబడింది. పంపు మూలుగుతోంది. అంతలో ట్యాంకు లోపలినుంచి ధబ్బుమని చప్పుడు. చూస్తే పై పలక పళ్ళెంలా లోపలికి పోయింది. డీజిల్ బయటికి పోతున్న చోటికి గాలి రావాలి, నేను దారి మూసేశాను. గాలి కొట్టినప్పుడు లెక్క వేసిన ఆ ఏడొందల కిలోలే ఈసారి బయటినుంచి లోపలికి తోశాయి. అతుకులు ఊడలేదు, అది మేస్త్రీ చేతి చలవ.

మర్నాడు ట్యాంకుని తిప్పి కేబిను వెనక అడ్డంగా పెట్టాం. బండి ఎక్కుడు దారిలో ఉన్నప్పుడు ముందూ వెనకా ఇప్పుడు 20 అంగుళాలే కాబట్టి డీజిల్ అంత ఎత్తుకి లేవదు. బరువూ రెండు పక్కల చక్రాలకి సమంగా పడింది. గాలి గొట్టాన్ని పై పలక నడిమధ్యకి మార్చి, మూరెడు పైకి లేపి, మళ్ళీ కిందికి వంచి, చివర జాలీ కట్టాం. ట్యాంకు కింద రబ్బరు పరిచాం గనక ఇనుముకీ ఛాసిస్‌కీ సంబంధం తెగిపోయింది. రాగి పట్టీ ఒకటి రెంటికీ కలిపి బిగించాం, స్టాటిక్ కరెంటు నిలవకుండా. పంపుకి మొదట వేసిన సన్న వైరు పట్టుకుంటే వేడిగా ఉంది. దాన్ని తీసేసి మందం వైరు లాగి, బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించాం.

ఇప్పుడు జేసీబీకి డీజిల్ పట్టడం మూడు నాలుగు నిమిషాల పని. మా తమ్ముడు నాజిల్ పెట్టి నిలబడతాడు, అంతే. ప్రతి ఆదివారం పొద్దున్నే, బండి కదలకముందే, అడుగు బిరడా కొంచెం వదిలి గాజు సీసాలో పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తాడు. మొన్న వానల వారంలో సీసా అడుగున అర అంగుళం నీళ్ళు కనిపించాయి. అవి పారబోసి, మళ్ళీ పట్టి, బంగారు రంగు తప్ప ఇంకేం లేదని తేలేదాకా బండి తాళం నా చేతికివ్వలేదు.