కఫీల్ అంటే ఎవరు?

మొన్న రియాద్‌ల సిగ్నల్ కాడ బండి ఆపుకొని ఉంటే ఎనుకకెళ్లి ఒక సౌదీ పోరడు గుద్దిండు. పోలీసాయన వచ్చి నా ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, చూసిండు, నన్ను ఒక్క ముచ్చట అడగలె, "వేన్ కఫీల్" అన్నడు, నీ కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న సేటు, ఏడి అని. స్టీరింగ్ మీదున్నది నేను, చూసింది నేను, జవాబు చెప్పాల్సింది మాత్రం ఇంట్ల పండుకున్న ఆయననట. మస్తు కాలింది. ఫోన్ కలిపి ఇచ్చిన. మా కఫీల్ తప్పెవరిదని గూడ అడగకుండ, వాడు నా మనిషి, ఏమున్నా నన్నడుగు అన్నడు. అప్పటిసంది కోపం చేయాల్నా దండం పెట్టాల్నా సమజైతలేదు.

మనోళ్లకు కఫీల్ అంటే సేటు, జీతమిచ్చేటోడు, తిట్టేటోడు. జగిత్యాల దిక్కు విమానం మొఖం చూడని ముసలవ్వ గూడ "మా పోరనికి మంచి కఫీల్ దొరికిండు" అంటది, అల్లుని ముచ్చట చెప్పినట్టు. అరబ్బీల అయితే జమానత్ ఉండేటోడని అర్థమట, మా పాతబస్తీ భాయ్ చెప్పిండు. వీడు బాకీ కట్టకపోతే నేను కడత అనేటోడు. తల్లిదండ్రి లేని పిల్లల్ని సాదేటోన్ని గూడ అదే మాటతోని పిలుస్తరు. మాట మంచిదే, గని ఇద్దరు పిల్లల తండ్రిని, నాకెందుకు ఒకడు జమానత్?

ఇంటికాడ జమానత్ లేదా అంటే ఉంది. వీసాకు పైసలు మిత్తికి తెచ్చినప్పుడు నోటు మీద మా బావ సంతకం పెట్టిండు. నెల లేటైతే సావుకారి నాకు ఫోన్ చెయ్యడు, పోయి బావ ఇంటి ముంగట కూసుంటడు. బావ నాతోని ఆ మాటే ఎత్తడు, అక్క చెప్తే తెలుస్తది. అసలు కఫీల్ మా బావనే గదా! గని బావ నా పాస్‌పోర్టు బీరువల పెట్టి తాళం ఏసుకోలె, నేను ఊరు దాటాల్నంటే బావ పర్మిషన్ అక్కరలేదు.

2021 మార్చిల ఇక్కడ కానూన్ మార్చిండ్రు. కంపెనీలల్ల చేసేటోళ్లు ఏడాది నిండితే కఫీల్ ఒప్పుకోకున్నా వేరే కాడికి మారొచ్చు, ఛుట్టీకి ఖురూజ్ ఔదా, అంటే పోయి మళ్ల వచ్చే పర్మిషన్, గూడ ఫోన్ల అబ్షర్ అనే సర్కారు యాప్ తెరిచి వాళ్లే పెట్టుకోవచ్చు, షరతులు ఉన్నయనుకో. మాకూ వచ్చిందని సంబురపడితిమి, తీరా చూస్తే హౌస్ డ్రైవర్లు, ఇంట్ల పనోళ్లు, తోటమాలీలు, గొర్లు కాసేటోళ్లకు వర్తించదట. మా ఊరోళ్లు సగం మంది గండ్లనే ఉన్నరు.

మా కఫీల్ చెడ్డోడని అంటలేను. మా అవ్వ చచ్చిపోయినప్పుడు టికెట్ ఆయనే కొన్నడు, జీతంల కోయలె. గంత మంచోడు గూడ పాస్‌పోర్టు మాత్రం తన దగ్గరనే పెట్టుకున్నడు, నీ దగ్గరుంటే పోతది అంటడు. కానూన్ ప్రకారం అది నా దగ్గరుండాలె. రంజాన్ అయినంక అడుగుదామనుకుంటున్న. కఫీల్‌కు కోపం రాకుండ అడిగి తెచ్చుకున్నోళ్లు ఎవరన్న ఉంటే ఎట్లడిగిండ్రో చెప్పుండ్రి.